రోహిణి కార్తెలో మైనపు కొంగ

ఈ కథ అబద్ధమనేవాళ్ళుంటే ఇప్పుడే చెయ్యి ఎత్తండి. తర్వాత ఎత్తితే ఒప్పుకోను. నాకు సాక్షి ఉంది. పేరుతో సహా చివర్లో చెబుతాను, ధైర్యముంటే వెళ్ళి అడుగుదురుగాని.

అనగనగా, ఎండను కూడా పేరు పెట్టి పిలిస్తే పలికే రోజుల్లో, నిప్పులమెట్ట అనే రాజ్యం ఉండేది. అక్కడ ఏటి ఒడ్డున ఏటా మూడు రోజులు బొమ్మల సంత జరిగేది. అదీ ఎప్పుడు? రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో. రాజుగారు పుట్టింది ఆ కార్తెలోనే మరి. కాదని ఆయనతో ఎవరంటారు?

ఎంత ఎండ అనుకున్నారు? గుడ్లమ్మే అవ్వ బుట్ట దింపేలోపలే గుడ్లు పిల్లలయ్యాయి. ఆ పిల్లలు కళ్ళు తెరుస్తూనే అవ్వ నీడలోకి పరుగెత్తాయి. నా కుడి మీసం ఆ ఎండకే కమిలి రాలిపోయింది. ఎడమదాన్ని రెండుగా చీల్చి అటూ ఇటూ దువ్వుకున్నాను.

సంతలో పందిళ్ళన్నీ ఒకే వరుస. ఒకదాన్నొకటి ఆనుకొని ఉండేవి, మధ్యలో వెదురు తడికలు. వరుసకు ఒక కొసన ఏరు, రెండో కొసన బీడు. ఏటి కొసన కుమ్మరి గురవయ్య రంగుల కుండలు పెట్టుకున్నాడు. బీడు కొసన, అన్నిటికన్నా పెద్ద పందిట్లో, లక్క బొమ్మల వర్తకుడు వరహాల శెట్టి. ఆయన పక్కనే, ఎవరూ కోరని చోట, పైడమ్మ.

పైడమ్మ అడవిలో తేనె తీసేవాళ్ళ ఆడపడుచు. తుట్టె పిండగా మిగిలిన మైనంతో ఏడాదంతా కూర్చొని ఒక కొంగను చేసింది. ఒంటికాలి మీద నిటారుగా, మెడ చాచి, రెక్కలు విప్పి నిలబడింది కొంగ. ఈక ఈకకూ గీత గీసింది. దాన్ని చూసి ఏట్లో చేపలు ఆ ఒడ్డుకు రావడమే మానేశాయి.

సంత పెద్దలు ముందే చెప్పారు.

"పైడమ్మా, మైనం మా సంతలో ఎన్నడూ నిలవలేదు. మూడో రోజు పొద్దుగూకే వేళ రాజమాత వస్తుంది. అప్పటిదాకా నీ కొంగ నిలబడితే మీవాళ్ళకు ఏటా ఒక పందిరి. కొంగ పైన గుడ్డ కప్పకూడదు. కరిగి పడిందా, ఇక మైనం పనివాళ్ళెవరూ ఇటు రావద్దు."

మొదటి రోజు పైడమ్మ తాటాకు విసనకర్ర పట్టుకొని విసిరింది. ఈ చెయ్యి నొప్పెడితే ఆ చెయ్యి, ఆ చెయ్యి నొప్పెడితే ఈ చెయ్యి. అయినా సాయంత్రానికి కొంగ మెడ వంగింది.

పక్క పందిట్లోంచి వరహాల శెట్టి తొంగి చూశాడు. "రోహిణి ఎండకు మైనాన్ని అప్పగించడమంటే, పిల్లిని పాలకుండకు కాపలా పెట్టడమే పైడమ్మా. చల్లదనం కావాలంటే నాలా ఏర్పాటు ఉండాలి."

"ఏమిటి శెట్టిగారూ మీ ఏర్పాటు?"

"రేపు చూద్దువుగాని."

రెండో రోజు ఆ ఏర్పాటు చక్రాల బండెక్కి వచ్చింది. వెదురు పంఖా! కాలితో తొక్కితే తిరుగుతుంది, ఎటు కావాలంటే అటు లాక్కుపోవచ్చు. రెక్క ఒక్కొక్కటి తాటిచెట్టంత. తొక్కడానికి పన్నెండు మంది వస్తాదులు. అందులో ఆరుగురి పని నేనొక్కణ్ణే చేశానని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు.

శెట్టి దాన్ని బీడు వైపు నిలబెట్టి గాలి తన పందిట్లోకి కొట్టేలా తిప్పించాడు. బీడు మీది వడగాలి అంతా లోపలికి దూసుకొచ్చింది, తడిక సందుల్లోంచి పైడమ్మ పందిట్లోకి పోయింది. అది చూసి తక్కినవాళ్ళూ ఊరుకోలేదు. ఎవరికి చేతనైన పంఖా వాళ్ళు తెచ్చుకున్నారు. తమ చల్లదనం పక్కవాడికి పోకుండా తడికలకు చాపలు కూడా కట్టారు. ఈయన వేడిని ఆయన మీదికి తోస్తే, ఆయన దాన్ని ఈయన మీదికే తోశాడు. వేడి మాత్రం ఎక్కడికీ పోలేదు. పందిరి నుంచి పందిరికి చుట్టపుచూపుగా తిరుగుతూనే ఉంది.

సంత కుమ్మరి ఆవమైపోయింది. శెట్టిగారి లక్క రాజు, లక్క రాణి బుగ్గా బుగ్గా ఆనించి అతుక్కుపోయారు. మైనపు కొంగ ఎడమ రెక్క మెల్లగా వాలింది.

మిట్టమధ్యాహ్నం. ఏటి మీద ఎండమావులు నీళ్ళకన్నా తెల్లగా నడుస్తున్నాయి. పంఖాల చప్పుడు జోలపాటలా ఉంది. పైడమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి, చేతిలోంచి విసనకర్ర జారుతోంది. అప్పుడొక తేనెటీగ వచ్చి కొంగ ముక్కు మీద వాలింది.

"మా మైనం ఇలా నీరసపడిందేం?" అంది తేనెటీగ.

"ఎండకమ్మా," అంది పైడమ్మ మగతగా. "ఇదే ఎండ మీకూ ఉంది కదా. మీ తుట్టె కరగదేం?"

"మేం విసురుకుంటాం."

"నేనూ విసురుతూనే ఉన్నాను."

తేనెటీగ నవ్వింది. తేనెటీగ నవ్వు మీరు విని ఉండరు. నేను మూడు రకాలు విన్నాను, అందులో ఇది మెత్తనిది.

"మీ విసురుడు చూశానులే. బయటి మంటను ఇంట్లోకి పిలుస్తారు, ఇంట్లోదాన్ని పక్కింట్లోకి తోస్తారు. మేమైతే ఒక్క తీరుగా నిలబడి లోపలి వేడిని బయటికి విసురుతాం. ఏట్లోంచి నీటిచుక్కలు తెచ్చి గదిగదికీ అద్దుతాం. గదులు వేలున్నా తుట్టె ఒక్కటేనని మాలో పసిదానికి కూడా తెలుసు."

పైడమ్మ కళ్ళు తెరిచేసరికి తేనెటీగ లేదు. కొంగ ముక్కు మీద పసుపుపచ్చని పుప్పొడి ఒక్కటే ఉంది.

మూడో రోజు తెల్లవారగానే ఆమె పందిరి పందిరికీ తిరిగింది. "మధ్య తడికలు ఎత్తేద్దాం. పంఖాలన్నీ బీడు వైపుకు తిప్పుదాం. ఏటి కొసన వట్టివేళ్ళ తడికలు కట్టి తడుపుదాం." అప్పటికే అందరి బొమ్మలూ చెమట పట్టి ఉన్నాయి. సరేనన్నారు. శెట్టి ఒక్కడే అడ్డం తిరిగాడు.

"వరుస మొత్తం వేడి నా పందిట్లోంచేనా పోవాలి? నేనేమన్నా మీ అందరికీ పొగగూడునా?"

ఆ మాట నిజమే. ఎవరో ఒకరు ఆ కొసన కూర్చోవాలి. పైడమ్మ తల వంచుకొంది.

అప్పుడు కుమ్మరి గురవయ్య తువ్వాలు దులుపుకొని లేచాడు. "శెట్టీ, ఏటి పక్కన నా చోటికి నువ్వు రా. నీ చోటికి నేను పోతా. నా కుండలు ఆవంలో పుట్టినవి. ఈ వేడి వాటికి పుట్టింటి గాలి."

"కుండలు సరే. మరి నీ సంగతి?"

"నేనూ ఆవం పక్కన పుట్టినవాణ్ణేలే. పంఖా మాత్రం ఇక్కడే వదిలిపో."

శెట్టి అతుక్కుపోయిన రాజునూ రాణినీ ఒకసారి చూశాడు. "ఎత్తండయ్యా సామాను," అన్నాడు.

తడికలు లేచాయి. పంఖాలు ఒకే వైపు తిరిగాయి. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఏటి మీద నిద్రపోతున్న గాలి ఒళ్ళు విరుచుకుంది. తడిసిన వట్టివేళ్ళను వాసన చూసి, లోపలికి అడుగుపెట్టి, కొత్తకోడలిలా నెమ్మదిగా పందిరి పందిరినీ పలకరించుకుంటూ నడిచింది. పందిళ్ళలో వేలాడదీసిన పటాల అంచులు కదిలాయి. గుడ్లమ్మే అవ్వకు కునుకు పట్టింది, కోడిపిల్లలకు చలి వేసింది. మైనపు కొంగ ఈకలు కూడా కదిలాయంటాను నేను. ఆ వరుసలోని వేడంతా గురవయ్య కుండల మీదుగా బీట్లోకి పోయింది. ఆయన దాని మధ్యన కూర్చొని హాయిగా చుట్ట కాల్చుకున్నాడు.

పొద్దుగూకే వేళ రాజమాత వచ్చింది. ఆమెకు చూపు లేదు, చేత్తో తడిమే చూస్తుంది. కొంగ ఈకలన్నీ తడిమింది. వంగిన మెడ మీద, వాలిన రెక్క మీద వేళ్ళు ఆగాయి.

"ఏం తల్లీ, నీళ్ళు తాగడానికి వంగిందా నీ కొంగ?"

అవునంటే చాలు. శెట్టి కూడా వెనకనుంచి "అవునను, అవునను" అని గొణిగాడు.

పైడమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "లేదమ్మా. నేను నిటారుగానే చేశాను. మొదటి రోజు ఎండ మెడ వంచింది, రెండో రోజు రెక్క వాల్చింది."

"మరి మూడో రోజు?"

"మూడో రోజు ఎండ దీని జోలికి రాలేదు. శెట్టిగారి పంఖా, గురవయ్య మావ ఇచ్చిన చోటు, ఏటి నీళ్ళు, ఇందరి చేతులు. నాదేం లేదమ్మా."

రాజమాత కొంగ మెడ మీద చెయ్యి తీయకుండానే నవ్వింది. "వంగింది గాని పడలేదు కదా. నా నడుమూ అంతే. మైనం పనివాళ్ళకు ఏటా ఒక పందిరి రాసిపెట్టండి, ఏటికి దగ్గరగా."

శెట్టి గొంతు సవరించుకున్నాడు. "నా పక్కనే వేసుకో అమ్మా. మధ్యలో తడిక అక్కర్లేదు."

పక్కవాడి మీదికి తోసిన వేడి తిరిగి తన గడపకే వస్తుంది, అందరూ కలిసి దారి ఇస్తేనే చల్లగాలి నడిచి వస్తుంది. ఈ నీతి నాది కాదు, ఆ తేనెటీగది. దాని పేరు జుంటాలమ్మ. నమ్మనివాళ్ళు తుట్టె కిందికి వెళ్ళి, పేరు పెట్టి గట్టిగా పిలవండి.