కొలత అడిగే పోగులమ్మ

ముల్లోకాల్లోని దేవతలందరి బట్టలూ ఒకచోట కుప్ప పోసినా, మన కొక్కిరాయిలంక పోగులమ్మ తల్లికి ఉన్నన్ని ఉండవు. శాలువాలు, రవికెలు, చలిచొక్కాలు, పసిపిల్లల టోపీలు, అన్నీ చేత్తో అల్లిన తెల్లని లేసువే. భక్తులు గర్భాలయంలోకి తొంగిచూసి ఆశ్చర్యపోయే ముందు ఒక్క మాట చెప్పాలి. ఆ చొక్కాల్లో, రవికెల్లో ఒక్కటి కూడా అమ్మవారికి సరిపోదు. అన్నిటికీ ఎడమ చెయ్యి పొట్టి.

గోదావరి పాయ ఒడ్డున, పడవ దిగగానే కనిపించే పెంకుటిల్లే ఆలయం. లోపల మోకాలెత్తు నల్లరాయి. రాయి చుట్టూ ఎవరో ఎంతో కాలం దారం చుట్టి ఉంచినట్టు సన్నని గాట్లు. గుమ్మానికి గంట ఉండదు. లేసు అల్లే కొక్కెం సూదులు గుత్తిగా వేలాడుతుంటాయి. గాలి లేని రోజున కూడా అవి ఒకదానికొకటి తగిలి సన్నగా మోగడం యాత్రికులు వినే ఉంటారు. ఈ ఊరి ఆడవాళ్లు పొద్దున్న లేచింది మొదలు లేసు అల్లుతూనే కనిపిస్తారు కానీ, దీపాలు పెట్టే వేళకు ఒక్కరి చేతిలోనూ సూది ఉండదు. ఎందుకని అడిగితే నవ్వుతారు. నవ్వుతూనే తలుపు వేసుకుంటారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, రేవు మాత్రం ఉండేది. ఆ రేవులో పడవ నడిపేవాడు సత్తియ్య. అతని ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంకరపోయి, కుడిచేతి కన్నా నాలుగు వేళ్లు పొట్టిగా ఉండేది. ఎలా వంకరపోయిందని అడిగినవారికల్లా మొసలి కథ చెప్పేవాడు. చిన్నతనంలో పాయలో మొసలి పట్టుకుందట, తాను దాని దవడలు విడదీసి బయటపడ్డాడట. చెప్పినప్పుడల్లా ఆ మొసలి ఒక మూర పెరిగేది.

"ఈసారి దానికి రెక్కలు కూడా పెట్టు మావా. ఎగిరొచ్చి పట్టుకుందని చెబుదువుగాని" అనేది అతని భార్య నూకరత్నం.

"నీకేం తెలుసే, నువ్వు చూశావా?" అనేవాడు సత్తియ్య.

లేసు అల్లికలో నూకరత్నాన్ని మించిన చెయ్యి ఆ లంకలో లేదు. షావుకారు ఇచ్చే నమూనాలు అల్లగా మిగిలిన పొద్దులో ఇంట్లోవారికి కావలసినవి అల్లేది. అత్త వీరాయమ్మ భుజం మీది శాలువా ఆమె చేతి పనే. ఇంటి మనుషులకు ఆమె ఎన్నడూ కొలత తీసుకోలేదు. ఒకసారి తేరిపార చూస్తే చాలునని ఆమె ధీమా.

ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. సత్తియ్య పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, సత్తియ్య రాలేదు. మనిషి ఆనవాలు దొరకనప్పుడు అతని బట్టలు గోదావరిలో వదిలి కర్మ జరిపించడం అప్పటి ఆచారం. వీరాయమ్మ ఏడుస్తూనే కొడుకు పంచె మడిచి పక్కన పెట్టింది. నూకరత్నం దాన్ని తీసి మళ్లీ దండెం మీద ఆరేసింది.

"తడిసొస్తాడు అత్తా. చలిచొక్కా అల్లుతాను. అది అయ్యేదాకా ఆగు."

కానీ ఇంట్లో దారం లేదు. షావుకారు పడవ తిరగడం లేదు. దిక్కు తోచక ఆమె ఏటి ఒడ్డుకు వెళ్లింది. వరద తీసిన ఒండ్రులో తెల్లటి పోగు కొస ఒకటి పైకి నిలబడి ఉంది. లాగితే వచ్చింది. లాగినకొద్దీ వచ్చింది. బురదలోంచి వస్తున్నా దానికి మురికి అంటలేదు. ఇంటికి తెచ్చి ఎండలో ఎంతసేపు ఉంచినా తడి ఆరలేదు. అయినా ఆమె ఆ తడి దారంతోనే పని మొదలుపెట్టింది.

మొదట వీపు భాగం అల్లింది. ఆ సాయంత్రం దీపం పెట్టడానికి వెళ్తే, వీధి అరుగు మీద ఎవరో అటు తిరిగి కూర్చుని ఉన్నారు. తెల్లని లేసు కప్పిన వెడల్పాటి వీపు. చేతులు ఉండవలసిన చోట మసక వెలుతురు తప్ప మరేమీ లేదు. నూకరత్నం లోపలికి వచ్చి బుట్టలో చెయ్యి పెట్టి చూసింది. అల్లిన ముక్క బుట్టలోనే ఉంది. మనిషి ఒంటి మీంచి అప్పుడే విప్పినట్టు వెచ్చగా ఉంది.

ఆమెకు భయం వేయకపోలేదు. ఆ వీపు మాత్రం సత్తియ్యదిలాగే ఉంది. మర్నాడు చేతులు అల్లడానికి కూర్చుంది.

చేతులు పూర్తయిన సాయంత్రం అరుగు మీది ఆకారానికీ చేతులు వచ్చాయి. వీరాయమ్మ కొడుకు వచ్చాడని అన్నం కలిపి తెచ్చి పక్కన పెట్టింది. తెల్లవారి చూస్తే ముద్ద ముద్దగానే ఉంది. చీమ కూడా పట్టలేదు.

నూకరత్నం చూపు మాత్రం ఆ చేతుల మీదే నిలిచింది. రెండూ ఒక్క పొడుగే ఉన్నాయి. దుఃఖంలో తన వేళ్లు షావుకారు నమూనా ప్రకారమే పోయాయని అప్పుడు తెలిసి నాలుక కరచుకుంది. ఎడమ చెయ్యి కొంత విప్పి, నాలుగు వేళ్లు తగ్గించి, మోచేతి దగ్గర వంపు పెట్టి మళ్లీ అల్లింది. ఇక చొక్కాకు మిగిలింది ఆఖరి మెలిక ఒక్కటే. దానికి ముడి వేసి దారం తెంపితే అల్లిక ఇక విడదు.

ఆ సాయంత్రం వచ్చిన ఆకారానికి ఎడమ చెయ్యి పొట్టిగా, వంకరగా ఉంది.

"చూశావా, నా కొడుకే. ముడెయ్యవే" అంది వీరాయమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఆకారం మొదటిసారి మాట్లాడింది. గొంతు సత్తియ్యదే.

"రత్నం, చలేస్తోంది. ముడెయ్యి."

నూకరత్నం ముడి వేయలేదు. కొలత మనిషి నుంచి దారానికి రావాలి. ఇక్కడ దారం నుంచి మనిషికి పోతోంది. తను ఎలా అల్లితే అలా తయారవుతున్న ఆ వచ్చినవాడు ఎవరు? నిజంగా మొగుడే అయితే, ముడి వేయకుండా చేజేతులా పోగొట్టుకున్నట్టు అవుతుంది. కాకపోతే, ముడి వేసిన క్షణం నుంచి ఆ ఇంట్లో సత్తియ్య చోటు నిండిపోతుంది. అసలు మనిషి తిరిగొచ్చినా నిలబడే చోటుండదు.

మర్నాటి మధ్యాహ్నం స్తంభానికి తల ఆన్చి ఆమె కునుకు తీసింది. కలలో తడి పోగులే చీరగా చుట్టుకున్న ఒక తల్లి వచ్చి ఎదుట కూర్చుంది. "పోగు నాది. ముడి నీది. ముడి వేసే ముందు కొలత అడుగు" అని లేచి వెళ్లింది. మెలకువ వచ్చేసరికి ఎదుట నేల చెమ్మగా ఉంది.

దీపాల వేళకు ఆకారం గుమ్మం వైపు తిరిగి కూర్చుంది. ముఖం మసకలోనే ఉంది. నూకరత్నం గడప దాటకుండా, చొక్కా ఒడిలో పెట్టుకుని అడిగింది.

"మావా, ఆ చెయ్యి ఎలా వంకరపోయింది?"

"ఇప్పుడా నీ సరసాలు?" అని విసుక్కుంది వీరాయమ్మ.

ఆకారం తన ఎడమ చేతిని తడిమి చూసుకుంది. తర్వాత ఎంతో నెమ్మదిగా అంది.

"నువ్వు అలా అల్లావు కదా, రత్నం."

అది నిజం. వచ్చినవాణ్ణి పట్టిచ్చింది అదే. ఆ ప్రశ్నకు సత్తియ్య పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ నిజం చెప్పలేదు.

నూకరత్నం మెలికలోంచి సూది తీసి దారం లాగింది. వీరాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకుని విప్పేస్తావటే?"

"నీ కొడుకైతే మొసలి ఏదత్తా?"

వీరాయమ్మ పట్టు సడలింది. నూకరత్నం కళ్లు మూసుకుని వరస తర్వాత వరస విప్పింది. అరుగు మీద ఎడమ చెయ్యి పోయింది, కుడి చెయ్యి పోయింది. వీపు పోయాక కూడా "చలి" అన్న మాట కాసేపు గుమ్మంలోనే ఉండిపోయింది. విప్పిన దారం ఆమె ఒడిలో పడలేదు. అవతల ఎవరో చుట్టుకుంటున్నట్టు గడప దాటి, అరుగు దిగి, రేవు వైపు పాక్కుంటూ పోయింది.

పొద్దున ఊరంతా వెళ్లి చూస్తే, ఒండ్రులో ఈ నల్లరాయి వెలసి ఉంది. దాని చుట్టూ ఆ దారమంతా బిగువుగా చుట్టి ఉంది. ఆ తల్లే పోగులమ్మ. అరుగు మీదికి వచ్చినవాడు ఎవరో పెద్దలు చెప్పలేదు. ఊళ్లో అతన్ని కొలతకు వచ్చినవాడు అని మాత్రం అంటారు.

నాటి మధ్యాహ్నమే నూకరత్నం ఇంటి తలుపు చప్పుడైంది.

"తలుపు తియ్యవే. ఒళ్లు కాలిపోతోంది."

"చెయ్యి ఎలా వంకరపోయింది?"

"ఓసి నీ... నీళ్లు ముంచివ్వవే ముందు."

"చెబితేనే తీస్తాను."

"మొసలే. ఈ గుమ్మమంత నోరు దానిది."

ఆమె తలుపు తీసి, అతని మెడ పట్టుకుని ఏడ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఇసుక తిన్నె మీద తాను జ్వరంతో పడి ఉన్నానని, ముందురోజు చీకటి పడుతుండగా తడి పోగు ఒకటి వంకర చేతికి చుట్టుకుని లాగిందని, దాని వెంటే ఈదుతూ నడుస్తూ వచ్చానని సత్తియ్య చెప్పాడు. ఈ కథలో మొసలి ఎక్కడా లేకపోవడం చూసి ఊరంతా నమ్మింది.

నాటి నుంచి ఈ లంకలో ఇంటివారి కోసం ఏది అల్లినా మనిషిని నిలబెట్టి కొలత తీస్తారు. ఆఖరి మెలిక విప్పి ఉంచి, అమ్మవారి ఎదుట తొడిగిస్తారు. తొడుక్కున్నవారు రాయి దగ్గరికి వంగి, తమ ఒంటి గురించి ఎన్నడూ ఎవరికీ చెప్పని నిజం ఒకటి చెప్పుకోవాలి. అప్పుడే ముడి నిలుస్తుంది. పొట్ట పెరిగిన మగవారు ఇక్కడ చాలాసేపు వంగి ఉండటం మామూలే, వెనకవారు తొందర పెట్టరాదు. ఇలా ముడి పడిన బట్ట తొడుక్కున్నవారు ఎంత దూరం వెళ్లినా తాముగానే ఇల్లు చేరతారని, పసివారు నిద్రలో ఉలిక్కిపడరని నమ్మకం. మొక్కు తీరినవారు ఎడమ చెయ్యి పొట్టిగా ఒక చొక్కాయో రవికో అల్లి సమర్పిస్తారు.

మొదటి ముడి సత్తియ్య చొక్కాకే పడింది. నూకరత్నం ఈసారి కొలిచి అల్లింది. రాయి ఎదుట ముడి వేస్తే దానంతట అదే జారిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ జారింది. భార్య అతని వైపు చూసింది. తల్లీ చూసింది. సత్తియ్య చెమట తుడుచుకుని వంగాడు.

"మొసలి లేదు తల్లీ. బాతు తరిమితే గడ్డివామి ఎక్కి, అక్కణ్ణించి పడ్డాను."

ముడి ఇంకా కొద్దిగా జారుతూనే ఉంది.

"పిల్ల బాతు" అన్నాడు సత్తియ్య.

ముడి బిగిసింది.