నక్క రాసిన ఊబి పేరు

ఏటి అవతలి అడవిలో వాగుకీ, గుట్టకీ, మేత బీడుకీ అన్నిటికీ పేర్లున్నాయి. ఉంటే ఏం లాభం, అవన్నీ ముసలివాళ్ల నోళ్లలోనే ఉండేవి. ఆ ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతుంటే సింహానికి బెంగ పట్టుకుంది. పేర్లన్నీ టేకాకుల మీద రాసి ఎక్కడివక్కడ కట్టమని నక్కకు అప్పజెప్పి, చెప్పడానికి వయసు మళ్లిన కర్రెద్దును తోడిచ్చింది. పాత పేరు మారిస్తే మాత్రం, రాసినవాడు ఆ చోటు నడిమధ్య నిలబడి కొత్త పేరు ముమ్మారు చదవాలి. అప్పుడే అది ఖాయమైనట్టు.

మూడోనాటికి ఇద్దరూ వాగొడ్డున ఓ పచ్చిక దగ్గరికొచ్చారు.

"దీన్నేమంటారు బావా?" అంది నక్క.

"ఎద్దు దిగబడ్డ ఊబి."

"ఛీ ఛీ, అదేం పేరయ్యా! 'నక్కదొర పచ్చిక' అని రాస్తున్నా. వినసొంపుగా లేదూ?"

కర్రెద్దుకు మనసు చివుక్కుమంది. "దిగబడింది మా నాన్న బావా. ఇంకెవరూ దిగకూడదని మా అమ్మ ఆ పేరు పెట్టింది. రేపు కొండ కిందినుంచి కొత్త మంద వస్తోంది, వెంట లేగదూడలు కూడానూ. నీ రాత నమ్మి మేతకు దిగితే?"

"ఎప్పటి ముచ్చటో అది! గడ్డి చూడు, ఎంత ఏపుగా ఉందో. మీ నాన్న పేరు నిలవాలని నీ ఆరాటం, అంతేగా?"

ఎద్దు కోపం దిగమింగుకుంది. "అయితే నడుమకెళ్లి ముమ్మారు చదవాలిగా. నా మాట విను, వెళ్లకు."

"నాకు భయమా!" అంటూ నక్క గెంతుకుంటూ వెళ్లింది. మొదటిసారి చదివేసరికి కాళ్లు దిగాయి. రెండోసారికి పొట్ట దాకా బురద వచ్చింది. మూడోసారి చదవబోయి కేక పెట్టింది.

"చచ్చాను బావోయ్!"

ఆనాడు నాన్న అరిచినప్పుడు లాగడానికి ఒక్కరూ లేరు. కర్రెద్దు కళ్లు చెమర్చాయి. అది గబగబా పొడవాటి అడవితీగ తెంపి, ఒక కొస కొమ్ముకు చుట్టుకుని రెండోది విసిరింది. నక్క దాన్ని పళ్లతో పట్టుకుంది. ఎద్దు వెనక్కి వెనక్కి నడిచి ఒడ్డుకు లాగింది.

ఒళ్లంతా బురదతోనే నక్క పాత పేరు రాసేసింది.

"దాని కింద ఇంకో ముక్క రాయి," అంది ఎద్దు. "'నక్క కూడా దిగబడింది' అని."

"అయ్యో, నా పేరెందుకు బావా! నలుగురూ నవ్వరూ?"

"నవ్వనీ. నవ్వినవాళ్లు దిగరు. అయినా ఇక్కడ నీ పేరుండాలని నువ్వేగా ముచ్చటపడ్డావు?"

మర్నాడు కొత్త మంద ఆ రెండు ముక్కలూ చదువుకుని, దూడల్ని పక్కకు తోలుకుని పోయింది.

పేరు మార్చినంత మాత్రాన నేల మారదు.