రాజుగారి పక్క

స్వామిని ఒక్కసారి మనసులో తలుచుకుని, ఇలా దగ్గరికి జరిగి వినండి.

ఒకానొక రాజ్యంలో మకుటవర్ధనుడనే రాజుండేవాడు. తుమ్మొచ్చినా సరే, ముందు బాకా ఊదాలనేంత దర్జా ఆయనది. ఆయన రాణి మాణిక్యాంబ కాలం చేసింది. ఆవిడ పెంచిన తెల్లకుక్క దూది మాత్రం మిగిలింది. అదీ ముసలిదైపోయింది. రోజూ రాజుగారి పట్టుపరుపెక్కి, రాణిగారు పడుకునే వైపే ముడుచుకుని పడుకునేది.

ఒకనాడు పొరుగురాజు సభకు వచ్చి, మకుటవర్ధనుడి ఉత్తరీయానికి అంటుకున్న తెల్లబొచ్చు చూసి ముసిముసిగా నవ్వాడు. రాజుగారికి తల కొట్టేసినట్టయింది. అతిథి అటు వెళ్ళగానే నిండు సభలో ఆజ్ఞ ఇచ్చాడు.

“నేటి నుంచి దూది నా పక్క ఎక్కరాదు! కిరీటం పెట్టే తల తప్ప ఇంకో తల ఆ మంచం మీద ఆనరాదు!”

విదూషకుడు ఓబళయ్య నోరు ఊరుకుంటుందా?

“దేవరా, పడుకునేటప్పుడు కిరీటం తీసేస్తారుగా! మరి తమరెక్కడ పడుకుంటారు?”

సభంతా కిసుక్కుమంది. రాజు మండిపడ్డాడు.

“అంత తెలివుంటే దాని అలవాటు నువ్వే మాన్పించు. పున్నమిలోగా మానకపోతే దాన్ని వేటకుక్కల దొడ్డికి తోలిస్తాను!”

ఓబళయ్య నవ్వు ఆగిపోయింది. ఆ దొడ్డిలో దూది ఒక్క పూట కూడా బతకదు. తన వేళాకోళం పోయి పోయి దాని మెడకు చుట్టుకుంది.

ఇక చేసేదేముంది! మంచం దగ్గర నేల మీద గోనెపట్టా పరిచాడు. దూది పరుపెక్కినప్పుడల్లా మెల్లగా దించాడు. పట్టా మీద పడుకుంటే పెరుగన్నం ముద్ద పెట్టాడు. కొట్టలేదు, కసరలేదు. ఒకరోజు అది ముందుకాళ్ళు మంచం మీద వేసి, ఓబళయ్య వంక చూసి, తనంతట తానే తీసేసింది.

నేర్చుకుంది. ఓబళయ్యకి మాత్రం మనసంతా చేదయింది. “రామా, ఏం పని చేయించావయ్యా నాచేత!” అనుకున్నాడు.

పున్నమి వెళ్ళాక రాజు అతణ్ణి ఒంటరిగా పిలిపించాడు. ఆయన కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

“పిలిచానయ్యా. రాలేదు.”

“ఎవర్ని దేవరా?”

“దాన్నే.” రాజు గొంతు తగ్గింది. “ఆవిడ పోయాక కూడా ఆ వైపు వెచ్చగా ఉండేది. ఇప్పుడు చల్లగా ఉంటోంది ఓబళయ్యా.”

“అయితే ఆజ్ఞ రద్దు చెయ్యండి.”

“నిండు సభలో అన్న మాట! వెనక్కి తీసుకుంటే లోకం నవ్వదూ?”

“తీసుకోవద్దు దేవరా. దూది తమ పక్క ఎక్కరాదన్నారు, సరే. తమ పక్కన ఉండరాదనలేదే! పైగా ఎక్కవద్దన్నది కుక్కని. దేవరవారిని దిగవద్దన్నదెవరు? పరుపు నేల మీద వేయించండి. ఎక్కే పనే ఉండదు!”

రాజు తెల్లబోయాడు. ఆపైన పడీపడీ నవ్వాడు, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. తన కంకణం తీసి ఓబళయ్య చేతికి తొడిగాడు. అప్పటికప్పుడే పరుపు నేలకు దించారు.

“రావే దూదీ!” అంటూ రాజు పరుపు తట్టాడు.

దూది తోక ఊపుకుంటూ పరుపు అంచుదాకా వచ్చింది. ఓబళయ్య వంక చూసింది. వెనుదిరిగి గోనెపట్టా మీద పడుకుంది.

“రమ్మని నువ్వైనా చెప్పవయ్యా!”

ఓబళయ్య తల దించుకున్నాడు. “మాన్పించడం చేతనైంది దేవరా. మాన్పించినదాన్ని మరిపించడం నాకు రాదు.”

రాజు పట్టుపరుపు మీంచి లేచి, వెళ్ళి గోనెపట్టా మీద ఒరిగాడు.

దూది కాస్త జరిగి, ఆయనకు చోటిచ్చింది.