తవిటయ్య కాపలా కాసిన మచ్చబాతులు

తెలివిలో తమ ఇంటివారికి సాటి లేదని తవిటయ్యే చెప్పేవాడు. మరెవరూ చెప్పకపోవడంతో ఆ భారం ఆయన మీదే పడింది.

అడవి ఆఫీసరుగారు కొండమడుగు కాపలా తనకే ఇచ్చారంటే కారణం ఆ తెలివేనని ఆయన నమ్మకం. ఆ మడుగులో కొద్దిపాటి మచ్చబాతులున్నాయి. నల్లని ముక్కు, దాని కొసన పసుపు మచ్చ. ఆ జాతి మరెక్కడా లేదు.

"ఎగువన ఎవరో సీమబాతులు తెచ్చి వదిలారు. అవి వీటితో జతకడితే కలగాపులగం పిల్లలు పుడతాయి. కొన్నాళ్లకు అసలు జాతే ఉండదు. సీమబాతు నీడ కూడా పడనీయకు," అన్నారు ఆఫీసరు.

"ఈ జాతి పోతే నా పరువు పోయినట్టే బాబూ," అన్నాడు తవిటయ్య.

అంతే. పొద్దున్నా సాయంత్రమూ సీమబాతులను కర్రతో తరిమాడు. మిట్టమధ్యాహ్నం నీడ పక్కకు పడదు గనుక, తానే పిలిచి మడుగులో దింపాడు.

ఇంకేముంది, జతలు కుదిరాయి.

"నీ ఎదుటే ఇంత జరుగుతుంటే ఏం చేస్తున్నావయ్యా?" అన్నారు ఆఫీసరు.

"కళ్లు మూసుకున్నాను బాబూ. పరాయివారి సంసారం చూడటం మర్యాద కాదు."

ఆఫీసరు ఓర్చుకుని, మధ్యలో కంచె కట్టమన్నారు. తమ్ముడు పైడయ్య చక్కని కంచె కట్టాడు. బాతులు దాని మీదుగా ఎగిరి అటూ ఇటూ తిరిగాయి.

"కంచె కట్టమన్నారు గానీ రెక్కలు కట్టమన్లేదు కదన్నా," అన్నాడు పైడయ్య.

పుట్టిన పిల్లల్లో ఒక్కదానికీ మచ్చ లేదు. పెద్దవి ముసలివై చచ్చిపోగా, అసలు మచ్చబాతుల్లో ఒక్క జంటే మిగిలింది.

"రేపు వచ్చి చూస్తాను. మచ్చ ఉన్నవే మనవి," అని కబురంపారు ఆఫీసరు.

"మచ్చ లేకే కదా ఈ గొడవంతా. ఇంట్లో పసుపుకేం కరువయ్యా?" అంది భార్య నూకాలమ్మ.

అంతే. తెల్లవారగానే ముగ్గురూ ఒక్కో బాతునూ పట్టి ముక్కుకు పసుపు పూసి వదిలారు. అవి నీళ్లలో మునిగి లేచాయి. పసుపంతా కొట్టుకుపోయింది, రెండింటికి తప్ప.

తవిటయ్య ఆ రెండింటినీ పరకాయించి చూశాడు. "అన్నిటికీ ఒకే పసుపు పూశాం కదా, వీటికే పోలేదేం?"

"ఇది మన ఇంటి పసుపు కాదు. ఇవెక్కడివో," అంది నూకాలమ్మ.

ఇంకేముంది, ముగ్గురూ కర్రలెత్తారు. ఆ జంట కొండ దాటి ఎగిరిపోయింది.

అంతలో ఆఫీసరు గట్టెక్కారు. "మచ్చబాతులేవయ్యా?"

తవిటయ్య చెమట తుడుచుకున్నాడు. "నిశ్చింతగా ఉండండి బాబూ. పరాయివి రెండే మిగిలితే ఇప్పుడే తరిమేశాం. ఇక మడుగులో ఉన్నవన్నీ ఒక్క జాతే."