మళ్లీ తిట్టించుకున్న నేతి సూరన్న

సంతపేటలో నెయ్యి అమ్మే సూరన్న ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఆ మాట వాళ్లే చెప్పుకునేవారు, ఇంకెవరూ చెప్పేవారు కాదు గనక. పెద్దలు చెప్పిన మాట చెప్పినట్టు పాటించడమే తెలివని సూరన్న నమ్మకం. పెళ్లాం తాయారమ్మదీ, తమ్ముడు చిట్టెయ్యదీ అదే నమ్మకం.

అలాంటి సూరన్న నేతిలో పామాయిల్ కలుపుతున్నాడని ఒక పత్రిక రాసింది. శుద్ధ అబద్ధం. అంతే, బేరాలు పడిపోయాయి. గుళ్లో దీపానికి కూడా ఆ నెయ్యి వద్దన్నారు. సూరన్నకి అన్నం సయించలేదు, ఏడ్చాడు కూడా.

వకీలు దగ్గరికి పరిగెత్తారు. పత్రికలో ఆ రాత వచ్చిన ఏడాదిలోగా పరువునష్టం దావా వెయ్యాలని, ఏడాది గడవనిచ్చారంటే తను కూడా ఏం చెయ్యలేనని ఆయన చెప్పాడు.

"ఏడాదిని గడవనివ్వకూడదట" అన్నాడు సూరన్న ఇంటికొచ్చి.

ఇంకేముంది, రోజుకో కాగితం చింపే క్యాలెండరుకి మేకులు కొట్టేశారు. ఉగాది పచ్చడి తింటేనే గదా కొత్త ఏడాది వచ్చేదని తాయారమ్మ వేపపువ్వుని గుమ్మం తొక్కనివ్వలేదు. పంచాంగం చదవబోయిన పంతులుగారిని చిట్టెయ్య వీధి చివరిదాకా తరిమాడు.

ఏడాదిని అలా కట్టిపడేశాక తొందరేముంది? తీరిగ్గా వకీలు దగ్గరికి వెళ్తే ఆయన నెత్తి కొట్టుకున్నాడు. గడువెప్పుడో దాటిందన్నాడు. మా ఇంట్లో దాటలేదని సూరన్న వాదించాడు. ఆయన విసిగిపోయి, వాళ్లు మళ్లీ కొత్తగా రాస్తే కొత్త గడువొస్తుంది, అప్పుడు రండని పంపేశాడు.

అంతే, ముగ్గురూ పత్రికాఫీసులో తేలారు. అయ్యా, మమ్మల్ని ఇంకొక్కసారి తిట్టండని ఎడిటరు కాళ్లావేళ్లా పడ్డారు. రుజువు లేకుండా రాసి యజమాని చేత ఒకసారి తిన్న చివాట్లు చాలని, ఇకమీదట రుజువు లేనిదే అక్షరం వెయ్యనని ఆయన తేల్చేశాడు.

రుజువెంతలో పని! పత్రిక ఫొటోగ్రాఫరుని ఇంటికి వెంటబెట్టుకొచ్చారు. తాయారమ్మ పామాయిల్ తెప్పించింది. నేతి గుండిగలో చిట్టెయ్య పోస్తుంటే సూరన్న ఫొటోకి నవ్వుతూ కలిపాడు.

మర్నాడు ఆ ఫొటో మొదటి పేజీలో వచ్చింది. సూరన్న పత్రిక తెచ్చి వకీలు బల్ల మీద పరిచాడు. ఈసారి ఏడాది మొత్తం మిగిలుందని, ఇవాళే దావా వేసెయ్యమని అన్నాడు.

వకీలు ఫొటోనీ అతన్నీ మార్చి మార్చి చూసి, ఇందులో ఒక్క ముక్కయినా అబద్ధం ఉందా అని అడిగాడు.

సూరన్నకి రోషం వచ్చింది.

"అబద్ధమెందుకుంటుందండీ? ఈసారి దగ్గరుండి రాయించాం."