కెజియా బొంత

అనగనగా అంటే మన దగ్గర కాదు లెండి, సముద్రాల అవతల అమెరికాలో, కొండల మధ్య ఒక పల్లె. అక్కడ కెజియా అనే ముసలమ్మ ఊళ్లోవాళ్ల బట్టలుతికి బతికేది. చిరుగు గుడ్డల్ని ముక్కలు చేసి బొంతలు కుట్టుకునేది. ఒక్క అక్షరం రాదు.

ఆ ఊళ్లోనే ఎల్నాథన్ అని ఒకాయన. పగలంతా తోళ్లు పదును చేసేవాడు, సాయంత్రం పాటలు కట్టేవాడు. చలికాలం వస్తే ఊరివాళ్లను బల్లల మీద కూర్చోబెట్టి పాట నేర్పేవాడు. గోడ మీది పలకపై అయిదు గీతలు గీసి, స్వరాలను బొమ్మలుగా వేసేవాడు. మనకు సరిగమల్లాగే వాళ్లకు ఫ, సోల్, ల. ఫ అంటే ముక్కోణం, సోల్ అంటే సున్నా, ల అంటే చదరం. వాటి కింద మాటలు. ఆ మాటలు పాటపాటకీ మారేవి.

"నన్నూ కూర్చోనియ్యి నాయనా," అంది కెజియా మొదటి చలికాలం.

"మాటలు చదవడం రాదుగా అవ్వా. వద్దు."

రెండో చలికాలం అడిగింది. అదే మాట. మూడో చలికాలం అడిగింది. అదే మాట. ఆయన చెడ్డవాడేం కాదు, చదువుకున్నవాడు, అంతే! కెజియాకు ఏడుపొచ్చింది. అయినా ఇంటికి పోలేదు. కిటికీ బయట నిలబడి విన్నది, చూసింది. చూసింది చూసినట్టు బొంత మీద కుట్టుకుంది.

ఆ వసంతంలో ఊళ్లో కొత్త చర్చి తెరవాలి. అందుకని ఎల్నాథన్ చలికాలమంతా ఒక కొత్త పాట నేర్పాడు. తీరా వారం ఉందనగా ఆయన ఏరు దాటుతుంటే గుర్రం జారింది. పాట రాసిన ఒక్క కాగితమూ నీళ్లపాలైంది, పలక మీదది అప్పటికే చెరిపేశారు. ఊరివాళ్లు గుర్తున్నమేరకు పాట మూడుసార్లు ఎత్తుకున్నారు, మూడుసార్లూ ఒక్కచోటే తెగింది. కట్టినవాడికే గుర్తు రాలేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ వస్తున్నాయి, పరువు పోయేలా ఉంది.

అప్పుడు కెజియా బొంత తెచ్చి పరిచింది. అయిదు నల్ల పట్టీలు. వాటి మీద ముక్కోణాలు, సున్నాలు, చదరాలు. అది చూసి పాడితే పాట చివరిదాకా వచ్చింది.

"ఏం కావాలో అడుగు అవ్వా," అన్నాడు ఎల్నాథన్ తల దించుకుని.

"చోటే నాయనా. మాటలకు ముందు ఒక్కసారి ఫ, సోల్, ల అని బొమ్మలు పాడండి. అప్పుడు మీతో నేనూ పాడతాను. తర్వాత మీ మాటలు మీరు పాడుకోండి, నేను వింటాను."

ఆయన తన పక్కనే చోటిచ్చాడు.

కెజియా పోయిన రోజు ఆ బొంతే కప్పి సాగనంపారు. సమాధి దగ్గర ఎవరూ మాటలు ఎత్తుకోలేదు. బొమ్మలే మూడుసార్లు పాడి ఇళ్లకు వచ్చారు.

ఇప్పటికీ ఆ కొండల్లో ఏ పాటైనా ముందు ఫ, సోల్, ల అని పాడాకే మాటలందుకుంటారట. ఎవరైనా తొందరపడితే పెద్దవాళ్లు చెయ్యెత్తి ఆపుతారు.

"ఉండండి, ముందు కెజియాను పాడనివ్వండి."