ముందు చక్రంలో గాలి

"పక్కనే ఉండి చెడుపు చేసే మనిషిని ఎట్ల పట్టుకునేది సామీ?" అని చెన్నకేశవులు కోనప్ప అయ్యవారిని అడిగాడు.

అడిగింది టిఫిన్ కొట్టు బయట అరుగు మీద. అయ్యవారు సైకిలు తొక్కుతున్నప్పుడు ఎవరేమడిగినా పలకరు. దిగిన తరువాత కూడా కాఫీ వచ్చేదాకా పలకరు. మదనపల్లెలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన దగ్గర్నుంచి, ప్రతి ఆదివారం తెల్లవారగానే ఏడెనిమిది మందిని వెంటబెట్టుకుని కొండదారిన ఇరవై కిలోమీటర్లు తొక్కించి, ఆ అరుగు మీద కూర్చోబెట్టి నాలుగు మంచిమాటలు చెప్పడం ఆయన పద్ధతి. తొక్కేది ఇరవై కిలోమీటర్లు, వినేది నాలుగు మాటలు అని శిష్యులు తమలో తాము నవ్వుకునేవారు గాని, ఒక్క వారమూ మానేవారు కారు. చెన్నకేశవులు ప్రశ్న విని ఆయన "ఎవరు?" అని మాత్రం అన్నారు. చెన్నకేశవులు కొట్టులోకి ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించి, "గంగాధర" అన్నాడు.

గంగాధర నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే మనిషి. ఏడాదికొకసారి అందరూ హార్సిలీ కొండ పైదాకా ఎక్కి దిగుతారు. దిగేటప్పుడు అయ్యవారు ఇద్దరిద్దరిని జత కడతారు. ముందువాడు మలుపులు చూసుకోవాలి, వెనకవాడు ముందువాణ్ణి చూసుకోవాలి. పదకొండేళ్ళుగా చెన్నకేశవులు వెనక గంగాధరే. ఆ మధ్య ఒక ఏడాది చెన్నకేశవులు మలుపులో ఇసక మీద జారి పడితే, మోకాలికి పైపంచె చించి కట్టి, నవ్విస్తూ నవ్విస్తూ కిందికి దించింది కూడా గంగాధరే. అలాంటివాణ్ణి వచ్చే ఆదివారం కొండకు రానివ్వకూడదని, అతను వస్తే తాను రానని తేల్చి చెప్పడానికి చెన్నకేశవులు ఆ పూట అరుగెక్కాడు.

ఇంతకూ ఈ గొడవ ఒక గాలి పంపుతో మొదలైంది. చెన్నకేశవులు ముప్పై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల ఇన్స్పెక్టరుగా చేసి రిటైరైనవాడు. ఆయన సంతలో కాలు పెడితే తక్కెడ ముట్టని కొబ్బరికాయల మనిషి కూడా సర్దుకుని కూర్చునేవాడట. అలాంటి మనిషి, సంచిలో పెట్టుకుపోయే పంపు ఒకటి కొనాలనుకున్నాడు. ఆయన అనుమానానికి అంగళ్ళవాళ్ళు నెలరోజులు చాకిరీ చేశారు. అరచెయ్యంత పంపు చూపిస్తే, ఇది మూడొందల సార్లు కొట్టాలి, చక్రం నిండేలోపల మనిషి ఖాళీ అవుతాడన్నాడు. బ్యాటరీ పంపు చూపిస్తే, చార్జింగు ఎంతుందో అదే చెబుతుంది, అది చెప్పింది నిజమని ఎవరు చెబుతారన్నాడు. గ్యాసు బుడ్డి చూపిస్తే మరీ ఇరకాటంలో పడ్డాడు. ఒక్కసారి వాడితే అయిపోయేది పనిచేస్తుందో లేదో వాడకుండా ఎలా తెలుస్తుంది? వాడి చూస్తే ఇంక మిగిలేదేముంది? చివరికి మూరకు తక్కువ, జానకు ఎక్కువగా ఉన్న ఒక చేతిపంపు నచ్చింది. దానికి మరతో బిగించే గొట్టం ఉంది. గొట్టం మొదట్లో గుండ్రటి మీటరు, అందులో సన్నటి ముల్లు ఉన్నాయి. ఆ ముల్లే ఆయన్ను పడగొట్టింది. రెండు పెట్రోలు బంకుల్లో, ఒక కార్ల షెడ్డులో దాన్ని సరిచూశాడు. మూడు చోట్లా మూడు లెక్కలు వచ్చాయి. ఆ మూడూ తప్పని తీర్మానించుకుని ఇంటికి వచ్చాడు.

కొత్త పంపు చూసి గంగాధర నవ్వాడు. అతని దగ్గరున్నది రంగుపోయిన పాత పంపు. దానికి మీటరూ లేదు, ముల్లూ లేదు. "బొటనేలితో నొక్కితే తెలీదా కేశవన్నా? దీనికి ఇంత యంత్రమా?" అన్నాడు. మాట చిన్నదే గాని చెన్నకేశవులుకు ఎక్కడో గుచ్చుకుంది.

ఆ ఆదివారమే ఇంటి దగ్గర ముందు చక్రంలో గాలి మీటరు మీద ఎనభై చూసుకుని బయలుదేరాడు. టిఫిన్ కొట్టు చేరగానే గొట్టం బిగించి చూస్తే డెబ్బై ఆరు. టిఫిన్ తిని వచ్చి చూస్తే డెబ్బై రెండు. పది నిమిషాల్లో నాలుగు ఎక్కడికి పోయినట్టు? అందరికంటే ముందు చెయ్యి కడుక్కోవడానికి లేచింది గంగాధర. కుళాయి ఉన్నది సైకిళ్ళ పక్కన. చెన్నకేశవులు గాలి కొట్టకుండా అలాగే వదిలేశాడు, సాక్ష్యం చెడిపోతుందని. ఇంటికి పోయి మళ్ళీ చూశాడు, ఇంకా తగ్గింది. మరుసటి వారం గంగాధరను కావాలనే బయటికి పంపి, కిటికీ సందులోంచి కనిపెట్టాడు. సైకిలు దగ్గరికి పోయి చూస్తే గాలి తగ్గే ఉంది, గంగాధర చెయ్యి పెట్టింది మాత్రం కనబడలేదు. ఆ పై వారం వాల్వు మూతకు దారం చుట్టి, తన ఉద్యోగపు పద్ధతిలో ఒక ముడి వేశాడు. టిఫిన్ అయ్యాక ముడి వేసినట్టే ఉంది, గాలి మాత్రం తగ్గింది. ఇంకొకరైతే అక్కడ ఆగి ఆలోచించేవారు. చెన్నకేశవులు మాత్రం, పుట్టిన దగ్గర్నుంచి దారంతో బతికేవాడికి ముడి విప్పి మళ్ళీ వెయ్యడం ఒక లెక్కా అనుకున్నాడు. అప్పటినుంచి గంగాధర నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. వడ తెచ్చి పళ్ళెంలో వేస్తే ఎందుకు వేశాడని చూపు. ఆ చూపులు గంగాధరకు తెలియకుండా ఎలా ఉంటాయి? రెండు వారాలుగా అతను చివరి బల్ల దగ్గర వేరుగా కూర్చుని తింటున్నాడు. తప్పు చేశాడు కాబట్టే దూరం జరిగాడని చెన్నకేశవులు దాన్ని కూడా సాక్ష్యంలో కలుపుకున్నాడు. కాని నిజం చెప్పాలంటే, పక్కన ఆ ఖాళీ చూసినప్పుడల్లా ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఇదంతా విన్నాక అయ్యవారు లేచి, చెన్నకేశవులు సైకిలు ముందు చక్రాన్ని వేలితో నొక్కారు. వెనక చక్రాన్నీ నొక్కారు. వెనకది రాయిలా ఉంది. "దీన్ని ఎన్నాళ్ళకొకసారి చూస్తావు?" అని అడిగారు.

"దానికి సంచి అడ్డం సామీ, విప్పితేగాని గొట్టం ఎక్కదు. కొట్టించి నెలయింది, చూడనే లేదు."

అయ్యవారు ఇంకేమీ అడగకుండా గంగాధరను కేకేశారు. తన కాఫీ గ్లాసు ఒక చేతిలో, చెన్నకేశవులు గ్లాసు ఒక చేతిలో పెట్టి, "చల్లారేదాకా పట్టుకో నాయనా" అని అరుగుకు ఆ చివర కూర్చోబెట్టారు. గంగాధరకు ఏమీ అర్థం కాలేదు. అయినా పొగలు కక్కే రెండు గ్లాసులు పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. తక్కినవాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చారు.

"కేశవులూ, గాలి చూడు" అన్నారు అయ్యవారు.

చెన్నకేశవులు గొట్టం బిగించాడు. ముల్లు అరవై నాలుగు మీద నిలిచింది. "తీసి మళ్ళీ చూడు." మర విప్పుతుంటే తుస్సుమంది. అది గొట్టంలో మిగిలిన గాలిలే అని ఆయన ఎప్పుడూ అనుకునేదే. మళ్ళీ బిగించాడు. అరవై. చటుక్కున తలెత్తి గంగాధర చేతులు చూశాడు. గ్లాసులు గ్లాసుల్లాగే ఉన్నాయి. "మళ్ళీ." యాభై ఆరు. "మళ్ళీ." ఈసారి తుస్సుమనడం అరుగు మీది వాళ్ళందరికీ వినబడింది. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. అంకె దాచుకోవచ్చు, తప్పు చెప్పవచ్చు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క అంకె మార్చి చెప్పని మనిషి, ఆ పూటా మార్చలేకపోయాడు. యాభై రెండు, నలభై ఎనిమిది, నలభై నాలుగు అని పైకే చదివాడు. అయ్యవారు ఆపమనలేదు. చక్రం నేలకు మెత్తగా ఆనేదాకా చూడమంటూనే ఉన్నారు.

అప్పటికి గంగాధరకు అర్థమైంది. "నేను గాలి తీస్తాండానని అనుకుంటివా కేశవన్నా?" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. కోపం లేదు, అడిగాడంతే. చల్లారిన గ్లాసులు రెండూ అరుగు మీద పెట్టాడు. తన సైకిలుకు కట్టుకున్న పాత పంపు విప్పి చెన్నకేశవులు ముందు ఉంచాడు. ఎవరితోనూ చెప్పకుండా సైకిలెక్కి ఊరివైపు మెల్లగా తొక్కుకుంటూ పోయాడు.

చెన్నకేశవులు తల ఎత్తలేకపోయాడు. "ఈ పంపులో ఏదో లోపముంది సామీ, ఇంకొకటి కొంటాను" అన్నాడు.

"పంపు మంచిదే. అడిగినప్పుడల్లా ఉన్నదే చెప్పింది" అన్నారు అయ్యవారు.

చెన్నకేశవులు గంగాధర పంపు తీసుకుని గాలి కొట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కొట్టడం అయ్యాక అలవాటు కొద్దీ చెయ్యి కొత్తపంపు మీటరు మీదికి పోయింది. పోయిన చెయ్యి అక్కడే ఆగింది. వెనక్కి తీసుకుని, బొటనవేలితో చక్రాన్ని నొక్కి చూశాడు. ఆ గట్టితనం ఎంతో ఆయనకు తెలియలేదు. దూరంగా రోడ్డు మీద గంగాధర చొక్కా ఇంకా కనబడుతూనే ఉంది.

"ఇంక నాతో మునుపటి మాదిరి ఉంటాడా సామీ?" అని అడిగాడు.

అయ్యవారు తన చల్లారిన కాఫీ అందుకున్నారు. "పో, పక్కన తొక్కు. ఎట్లుండాడో మాత్రం మాటిమాటికీ చూడబాక" అన్నారు.